నిన్నా మొన్నలను వెంటబెట్టుకుని వచ్చే మనిషి: హ్యారీ డీన్ స్టాంటన్

(‘పారిస్, టెక్సస్’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం.

సినిమా చూడటానికి వచ్చినవాళ్లను ముందు ఉపన్యాసం వినమనడం ఒకరకంగా అన్యాయమే. అందుకే నిర్వాహకులతో ముందే ఒప్పందం చేసుకున్నాను. కథ చెప్పను. దర్శకుడు విమ్ వెండర్స్ జోలికి ఎక్కువ వెళ్లను. కాసేపట్లో తెర మీద ఎర్ర టోపీ పెట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయిన కోటు తొడుక్కుని, ఎడారిలో ఒక మనిషి నడుచుకుంటూ వస్తాడు. నాకిచ్చిన సమయమంతా ఆ మనిషికే. పేరు హ్యారీ డీన్ స్టాంటన్. ఈ సినిమా తీసేనాటికి ఆయనకు 57 ఏళ్లు. దాదాపు ముప్పై ఏళ్లుగా నటిస్తున్నాడు. కథ మొత్తాన్నీ భుజాన వేసుకుని నడిచే పాత్ర ఆయనకు దొరకడం అదే మొదలు.

ముందుగా వేరే సినిమాలోని ఒక ఘట్టం చెబుతాను. 1978లో వచ్చిన ‘స్ట్రెయిట్ టైమ్’. అందులో డస్టిన్ హాఫ్‌మన్ జైలు నుంచి విడుదలైన దొంగ. బుద్ధిగా బతకాలని ప్రయత్నించి, కుదరక, మళ్లీ పాత పనికే దిగాలనుకుంటాడు. తోడు కావాలి. పాత స్నేహితుడి ఇంటికి వెళతాడు. ఆ స్నేహితుడే స్టాంటన్. ఆయనా ఒకప్పటి దొంగే. ఇప్పుడు ఇల్లుంది, ఇల్లాలుంది, పెరట్లో ఈత కొలను ఉంది. ఎండ బాగా కాస్తోంది. పొయ్యి మీద మాంసం కాలుతోంది. భార్య పక్కనే కూర్చుని కబుర్లు చెబుతోంది. అంతా కుదురుగా ఉంది. ఆవిడ ఏదో పని మీద లోపలికి వెళుతుంది. స్టాంటన్ గొంతు పెంచడు, ముఖకవళికలు మార్చడు. ‘నన్ను ఇక్కడినుంచి బయటపడెయ్’ అంటాడు. అంతే.

ఆ ఒక్క మాటతో ఆ పెరడు, ఆ కొలను, ఆ సంసారం అన్నీ మన కళ్లముందే మరో జైలు అయిపోతాయి. భార్య మంచిది. జీవితం బాగానే ఉంది. కానీ ఈ మనిషికి అది ఊపిరాడనివ్వడం లేదు. ఎన్నేళ్లుగా ఊపిరాడటం లేదో, రాత్రిళ్లు ఏ గోడ వైపు చూస్తూ పడుకున్నాడో దర్శకుడు చూపించలేదు, రచయిత రాయలేదు. మనకు మాత్రం తెలిసిపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఈ ఘట్టంలోనే ఉంది. కథానాయకుడికి గతం సినిమాయే సమకూరుస్తుంది. చిన్నతనం చూపిస్తారు, తల్లి గురించి ఎవరో చెబుతారు, పాత ఫోటో ఒకటి దొరుకుతుంది. చిన్న పాత్ర వేసేవాడికి ఆ వసతి లేదు. రెండు నిమిషాలు కనిపిస్తాడు, వెళ్లిపోతాడు. ఆ కాస్తలోనే ఇతనికి నిన్న ఒకటుందని, మొన్న ఒకటుందని మనకు తోచాలి. తోచకపోతే అతను తలుపు తెరిచి ఉత్తరం ఇచ్చి పోయే బొమ్మ. స్టాంటన్ ముప్పై ఏళ్లు చేసిన సాధన ఇదే: గతాన్ని ఒంటిమీద వేసుకుని లోపలికి రావడం. మన సినిమాల్లో క్యారెక్టర్ ఆర్టిస్టులను చూస్తూ పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. హీరో పేరు మరిచిపోయినా, హీరోయిన్ తండ్రిగా వేసినాయన గుమ్మంలో నిలబడిన తీరు మన ఇళ్లలో ఇప్పటికీ గుర్తుంటుంది.

ఆ గతం ఆయనకు ఎక్కడిదో కొంచెం చూద్దాం.

స్టాంటన్ 1926 జులై 14న కెంటకీ రాష్ట్రంలో, ఇర్విన్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి పొగాకు రైతు, క్షురక వృత్తి కూడా చేసేవాడు. తల్లి వంటపని చేసేది, జుట్టు అలంకరణ పనీ తెలుసు. ఆ ఇంట్లో అన్యోన్యత తక్కువ. తల్లిదండ్రులు తరవాత విడిపోయారు. తల్లితో తన సంబంధం ఎలా ఉండేదో ముసలితనంలో ఇచ్చిన ముఖాముఖీల్లో కూడా ముక్తసరిగానే చెప్పాడు. ఆ ఇంటి నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి పాట. గుడిలో పాడే కీర్తనలు, కొండప్రాంతపు జానపదాలు, ఆ తరవాత నేర్చుకున్న మౌతార్గాన్. ఇవి చివరి దాకా వదల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరాడు. ఒడ్డుకు ట్యాంకులను, సరుకును చేరవేసే పెద్ద ఓడలో వంటవాడు. 1945లో ఒకినావా యుద్ధంలో ఉన్నాడు. జపాన్ ఆత్మాహుతి విమానాలు ఓడల మీద వచ్చి కూలుతున్న రోజులవి. పందొమ్మిది నిండని కుర్రాడు ఆ ఓడ కడుపులో గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, డెబ్బై ఏళ్ల తరవాత ఇది ఒక సినిమాలోకి వస్తుంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చి కెంటకీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి నాటకశాలలో బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకంలో వేషం కట్టాడు. చదువు పూర్తి చేయలేదు. కాలిఫోర్నియాలో పాసడీనా ప్లేహౌస్ అనే నాటక శిక్షణాలయానికి వెళ్లిపోయాడు. 1954లో మొదటిసారి టీవీలో కనిపించాడు. అప్పటికే హ్యారీ స్టాంటన్ అనే మరో నటుడు ఉండటంతో చాలా ఏళ్లు డీన్ స్టాంటన్ అనే పేరుతో నటించాడు. కాబట్టి పాత సినిమాల పేర్లలో హ్యారీ కోసం వెతికితే దొరకడు.

ఇక్కడ కాలం గురించి ఒక మాట. 1930లు, 40లలో హాలీవుడ్ స్టూడియోలు చిన్న నటులను కూడా నెల జీతానికి పెట్టుకునేవి. ఈ వారం పోలీసు, వచ్చే వారం హోటలు గుమాస్తా. స్టాంటన్ వచ్చేసరికి ఆ ఏర్పాటు కూలిపోతోంది. ఆ ఖాళీలోకి వచ్చింది టీవీ. 1950ల చివర్లో అమెరికాలో సాయంత్రం ఏ చానల్ తిప్పినా గుర్రాలే, తుపాకులే. ‘గన్‌స్మోక్’, ‘రాహైడ్’, ‘హ్యావ్ గన్, విల్ ట్రావెల్’, ‘బొనాంజా’. వారం వారం కొత్త దుర్మార్గులు కావాలి. చావడానికి మనుషులు కావాలి. లోతు కళ్లు, బక్క చెంపలు, పొడుగు మెడ ఉన్న ఈ కెంటకీ మనిషికి పని దొరికింది. గుర్రం దొంగ, మోసగాడు, పేకాటరాయుడు, దారి కాచి కొట్టేవాడు. ఎపిసోడ్ చివర తూటా తిని పడిపోవడం. అలా పదేళ్లు పైబడి.

ఆ రోజుల్లో ఆయనకు స్నేహితుడు, కొంతకాలం ఒకే ఇంట్లో ఉన్నవాడు నటుడు జాక్ నికల్సన్. అప్పటికి నికల్సన్ కూడా ఎవరికీ తెలియదు. 1962లో నికల్సన్ పెళ్లికి తోడిపెళ్లికొడుకు స్టాంటనే. నికల్సన్ ‘రైడ్ ఇన్ ద వర్ల్‌విండ్’ అనే సినిమాకు కథ రాసి, అందులో ఒంటికంటి దొంగల నాయకుడి వేషం స్నేహితుడికి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట అన్నాడు: నువ్వేమీ చేయకు, నటన సంగతి నీ దుస్తులు చూసుకుంటాయి. ఆ సినిమా 1966లో వచ్చింది. పెద్దగా ఎవరూ చూడలేదు. కానీ తన పద్ధతి అక్కడినుంచే మారిందని స్టాంటన్ జీవితాంతం చెప్పుకున్నాడు.

ఈ మాట వినడానికి సులువుగా ఉంటుంది. ఇందులో తిరకాసుంది. ఏమీ చేయకుండా నిలబడమంటే మనలో చాలామంది కొయ్యబారిపోతాం. స్టాంటన్‌ను చూడండి. మాట్లాడనప్పుడు ఆయన వింటుంటాడు. ఎదుటివాడి మాట నిజంగా చెవిన పడుతోందని, అది లోపల ఎక్కడో తగులుతోందని తెలుస్తుంది. తన వంతు మాట కోసం కాచుకుని ఉన్న నటుడి కళ్లలో ఒక ఆత్రం ఉంటుంది. ఆయన కళ్లలో అది ఎప్పుడూ కనపడదు. నా దృష్టిలో ఆయన గొప్పతనంలో సగం చెవులదే.

1967లో ‘కూల్ హ్యాండ్ ల్యూక్’. పాల్ న్యూమన్ సినిమా. సంకెళ్లతో రోడ్డు పనులు చేసే ఖైదీల కథ. స్టాంటన్ ఆ గుంపులో ఒకడు. మాటలు తక్కువ, చేతిలో గిటారు. అక్కడక్కడ పాత భక్తి గీతాలు పాడతాడు. మిగతావాళ్లు అరుస్తుంటారు, పందేలు కాస్తుంటారు, కొట్టుకుంటుంటారు. వెనక ఎక్కడి నుంచో ఆ గొంతు వినపడుతుంది. ఆ ఖైదీలందరికీ ఎక్కడో ఒక ఊరు, ఒక ప్రార్థనామందిరం, ఒక అమ్మ ఉన్నారన్న సంగతి ఆ గొంతు గుర్తు చేస్తూ ఉంటుంది.

1970లలో గాలి మారింది. స్టూడియోలు డబ్బు పోగొట్టుకుని, దారి తోచక, కుర్ర దర్శకులకు తలుపులు తెరిచాయి. వాళ్లకు నున్నటి ముఖాలు అక్కర్లేదు. టీవీలో పదేళ్లు చచ్చి చచ్చి లేచిన ముఖాలు కావాలి. మాంటీ హెల్‌మన్ పిలిచాడు, శామ్ పెకిన్‌పా పిలిచాడు. పెకిన్‌పా సినిమా మెక్సికోలోని డురాంగోలో తీస్తున్నప్పుడు గాయకుడు బాబ్ డిలన్‌తో స్నేహం కుదిరింది. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగంలో కూడా ఉన్నాడు, చాలామంది గమనించరు. సాక్షి ఫ్రాంక్ పెంటాంజెలీకి కాపలా ఉండే ఎఫ్‌బీఐ మనిషి. ఇంటికి వెళ్లాక చూసుకోండి.

1979లో ‘ఏలియన్’. దీని దగ్గర కొంచెం ఆగుతాను. దర్శకుడు రిడ్లీ స్కాట్ పిలిచినప్పుడు, నాకు అంతరిక్షం సినిమాలు, భూతాల సినిమాలు నచ్చవని స్టాంటన్ ముఖం మీదే చెప్పాడట. నాకూ నచ్చవు, కానీ దీన్ని బాగా తీయగలననుకుంటున్నాను అన్నాడట స్కాట్. సరే అన్నాడు. బ్రెట్ అనే పాత్ర. నాస్ట్రోమో అనే సరుకు ఓడలో మరమ్మతులు చేసే మనిషి. పూల చొక్కా, నెత్తిన టోపీ. అంతరిక్షంలో ఉన్నా అతని గొడవ భూమ్మీద గొడవే: పైఅధికారులకు వచ్చినంత వాటా మాకెందుకు రాదు? తోటి పనివాడు పార్కర్ ఏమన్నా ‘అంతే’ అంటాడు. అధికారి ఏమన్నా ‘అంతే’ అంటాడు. ఒక్క మాటను అన్ని రకాలుగా అనడంలోనే ఆ మనిషి మొత్తం తెలుస్తాడు. విసుగు, వంత పాడటం, పైవాళ్ల మీద వెటకారం, పోనీలే అన్న నిర్లక్ష్యం అన్నీ అందులోనే.

అతని చావు సీను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లి కోసం వెతుక్కుంటూ ఒక్కడే పెద్ద గదిలోకి వెళతాడు. పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి. ఎక్కడినుంచో నీళ్లు కారుతుంటాయి. బ్రెట్ టోపీ తీసి, ముఖం పైకెత్తి, ఆ నీటి బొట్లను ముఖం మీద పడనిస్తాడు. రోజంతా ఇంజిన్ల వేడిలో పనిచేసిన మనిషికి దొరికిన చిన్న సుఖం అది. భూతం వచ్చేది దాని తరవాత. భూతాన్ని చూసి నేను రెండోసారి భయపడలేదు. ఆ నీళ్లు మాత్రం ఎన్నిసార్లు చూసినా బాధపెడతాయి, ఎందుకంటే చనిపోబోయేది ఒక కూలీ అని, అతనికి ఇంకా వాటా రాలేదని మనకు తెలుసు.

అప్పట్లో రోజర్ ఈబర్ట్ అనే షికాగో సినీ విమర్శకుడు సరదాగా ఒక సూత్రం పెట్టాడు. సహాయ పాత్రలో హ్యారీ డీన్ స్టాంటన్ గానీ, ఎం. ఎమెట్ వాల్ష్ గానీ ఉన్న ఏ సినిమా కూడా పూర్తిగా చెత్తగా ఉండదని. 1989లో స్టాంటన్ ఉన్న ఒక కుర్రకారు సినిమా చూసి, సూత్రానికి భంగం కలిగిందని ఆయనే రాసుకున్నాడు. అంత పని చేసిన సినిమా పేరు ‘డ్రీమ్ ఎ లిటిల్ డ్రీమ్’. చూడమని సిఫారసు చేయను.

ఇక ఇవాళ్టి సినిమా సంగతి.

న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో, ఒక బారులో, స్టాంటన్ నాటక రచయిత శామ్ షెపర్డ్ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తాగుతున్నారు. వేసిన వేషాలే వేసి వేసి విసుగొచ్చిందని, కాస్త అందం, కాస్త సున్నితత్వం ఉన్న పాత్ర వేయాలని ఉందని స్టాంటన్ చెప్పుకున్నాడు. పాత్ర కోసం అడగలేదు, మనసులో మాట చెప్పుకున్నాడు. తరవాత కొన్నాళ్లకు షెపర్డ్ ఫోన్ చేసి, తాను రాస్తున్న సినిమాలో ముఖ్య పాత్ర నీదే అన్నాడు. అప్పుడు స్టాంటన్‌కు ఎదురైన ప్రశ్న మనం ఊహించేదే: యాభై ఏడేళ్ల బక్కమనిషి నాయకుడా? కథానాయిక నస్టాషియా కిన్‌స్కీకి, ఆయనకు 35 ఏళ్ల తేడా. ఈ విషయంలో జనం నమ్ముతారా అని అందరికంటే ఎక్కువ దిగులుపడింది ఆయనే.

షూటింగ్ మొదలయ్యేసరికి కథ రెండో సగం సిద్ధంగా లేదు. షెపర్డ్ ఈలోగా వేరే సినిమాలో నటించడానికి వెళ్లిపోయాడు. చివర్లో మీరు చూడబోయే సుదీర్ఘ సంభాషణను దూరం నుంచి ఫోన్‌లో చెప్పి రాయించాడు. సినిమా నిర్మాణంలో ఇంత గందరగోళం ఉంటే సాధారణంగా తెర మీద తెలిసిపోతుంది. ఇక్కడ మేలు చేసింది. ట్రావిస్ అనే ఈ పాత్ర ఎటు పోతోందో దానికే తెలియదు, తీసేవాళ్లకూ తెలియదు.

కథ చెప్పనన్నాను కాబట్టి మూడు చోట్లు మాత్రం చూపించి వదిలేస్తాను.

మొదటిది, మౌనం. ట్రావిస్ దాదాపు 25 నిమిషాల సేపు నోరు విప్పడు. తమ్ముడిగా వేసిన డీన్ స్టాక్‌వెల్ బతిమాలతాడు, కోప్పడతాడు, నవ్విస్తాడు. జవాబు ఉండదు. మూగవాడిగా నటించడం వేరు, మాట అక్కర్లేని చోటికి వెళ్లిపోయిన మనిషిగా ఉండటం వేరు. కారు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఆయన చెవులను గమనించండి. తమ్ముడి ప్రతి మాటా వింటున్నాడు. జవాబు చెప్పే మనిషి ఇంకా ఎడారి నుంచి రాలేదు, అంతే.

రెండోది, నడక. బడి నుంచి వచ్చే కొడుకును ఇంటికి తీసుకురావాలి. పిల్లవాడికి ఈ తండ్రి ఎవరో తెలియదు, పక్కన నడవడానికి సిగ్గు. తండ్రి ఎలా ఉంటాడో ఇతనికీ మరిచిపోయినట్టుంది. పత్రికల్లో బొమ్మలు తిరగేస్తాడు. ఇంట్లో పనిచేసే ఆవిడను అడుగుతాడు. ఆవిడ డబ్బున్న తండ్రి తల ఎత్తి నడుస్తాడని నేర్పిస్తుంది. చక్కగా సూటు వేసుకుని వెళ్లి, రోడ్డుకు అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు నడుస్తారు. మాటల్లేవు. అడుగులు మాత్రమే మాట్లాడుకుంటాయి. నటుడు నటుడిగా ఉంటూ, తండ్రి వేషం కట్టడం చేతకాని మనిషిని నటించాలి. ఈ చిక్కు మీకు కనపడకపోతే అది ఆయన గెలుపు.

మూడోది అద్దం. హ్యూస్టన్‌లో ఒక గది, మధ్యలో ఒకవైపు నుంచే కనిపించే అద్దం, ఇటువైపు ఫోను. అవతలి మనిషికి ఇవతల ఎవరున్నారో కనపడదు. ఆ గదిలో ట్రావిస్ కుర్చీని వెనక్కి తిప్పేసుకుని, గోడకేసి చూస్తూ, నాకు తెలిసిన ఇద్దరు ఉండేవాళ్లని మొదలుపెడతాడు. ఎవరి కథో మనకు త్వరగానే అర్థమవుతుంది. ఆయన గొంతు ఒక్కసారి కూడా జాలి కోరదు. ఆ కథలో అతను చేసినవి మంచి పనులు కావు, మీరే వింటారు. వేరొక నటుడు కన్నీళ్లు పెట్టి క్షమాపణ రాబట్టుకునేవాడు. ఈయన ఎవరో చేసిన తప్పును సాక్షిగా నమోదు చేస్తున్నట్టు చెబుతాడు. అంతవరకూ సినిమాలో ట్రావిస్‌కు గతం లేదు. రెండు గంటలు మనం ఆ గతాన్ని ఆయన ముఖంలో, భుజాల్లో, బూట్లలో మాత్రమే చూస్తాం. రెండు నిమిషాల పాత్రలు వేసిన ముప్పై ఏళ్లు ఇక్కడ పనికొచ్చాయని నేను నమ్ముతాను.

1984లో కాన్ చిత్రోత్సవంలో ఈ సినిమాకు అక్కడి అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది. అదే ఏడాది ‘రెపో మ్యాన్’లో అప్పు కట్టనివాళ్ల కార్లు లాక్కొచ్చే గురువుగారు, ‘రెడ్ డాన్’లో కంచె అవతల నిలబడి కొడుకులకు పగ తీర్చుకోమని చెప్పే తండ్రి. ఒకే ఏడాదిలో ముగ్గురు. ‘పారిస్, టెక్సస్’ సినిమాలో కాన్సియోన్ మిక్స్టెకా అనే మెక్సికన్ పాట వస్తుంది. రై కూడర్ గిటారుకు పాడిన గొంతు స్టాంటన్‌దే.

తరవాత ఏమైంది? చాలామంది ఇక్కడ నిట్టూరుస్తారు. ఇంత పేరొచ్చాక కూడా మళ్లీ చిన్న వేషాలకే వెళ్లిపోయాడు, హాలీవుడ్ ఆయనను వాడుకోలేదు అంటారు. నాకు ఈ జాలి నచ్చదు. 1986లో ‘ప్రెటీ ఇన్ పింక్’ చూడండి. హైస్కూలు పిల్లల ప్రేమకథ. స్టాంటన్ నాయిక తండ్రి. భార్య వదిలేసి వెళ్లింది, ఉద్యోగం లేదు, పొద్దెక్కినా మంచం దిగడు. కూతురే వచ్చి లేపి, పని వెతుక్కోమని పోరుతుంది. ఆ గదిలో కనిపించేంతసేపూ ఆయన ఈ సినిమా స్థాయికి దిగి వచ్చినట్టు ఎక్కడా ప్రవర్తించడు. ఆ అమ్మాయి గులాబీ గౌను గోల మనకు పట్టేలా చేసింది ఆ తండ్రి ముఖమే. స్కోర్సెసీ సినిమాలో సెయింట్ పాల్ అయ్యాడు. ‘గ్రీన్ మైల్’లో మరణశిక్ష రిహార్సల్‌కు ఖైదీ స్థానంలో కూర్చుని వాగే ముసలివాడయ్యాడు. ‘బిగ్ లవ్’ ధారావాహికలో బహుభార్యాత్వ వర్గానికి ప్రవక్తగా, అదే మెత్తటి గొంతుతో ఒళ్లు జలదరించేలా చేశాడు. దర్శకుడు డేవిడ్ లించ్ అయితే పిలుస్తూనే ఉన్నాడు.

లించ్ తీసిన ‘ద స్ట్రెయిట్ స్టోరీ’, 1999. ఆల్విన్ అనే ముసలాయన, జబ్బుపడ్డ అన్నదమ్ముడు లైల్‌ను చూడటానికి, గడ్డి కోసే యంత్రం మీద అయోవా నుంచి విస్కాన్సిన్‌కు వారాల తరబడి ప్రయాణిస్తాడు. నిజంగా జరిగిన కథ. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. సినిమా అంతా ఆ లైల్ పేరు వింటూ ఉంటాం. ఆఖరి నిమిషాల్లో లైల్ గుడిసెలోంచి చేతికర్రల చట్రం ఆనుకుంటూ బయటికి వస్తాడు. స్టాంటన్. ఇద్దరూ వసారాలో కూర్చుంటారు. లైల్ చూపు ఆ యంత్రం మీదికి పోతుంది. అంత దూరం దాని మీదే వచ్చావా నన్ను చూడటానికి అని అడుగుతాడు. అవునంటాడు ఆల్విన్. లైల్ కళ్లు నిండుతాయి. రెండు గంటల ప్రయాణానికి తగిన గమ్యం కావాలి, అది రెండు నిమిషాల్లో తేలాలి. ఆ పనికి ఎవరిని పిలవాలో లించ్‌కు తెలుసు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. లాస్ ఏంజెలెస్‌లో సాయంత్రాలు ఒక పాత రెస్టారెంటు బారులో గడిపేవాడు. తన బృందంతో పాటలు పాడేవాడు. చైనా తత్వమైన తావో, బౌద్ధం చదువుకున్నాడు. 2012లో సోఫీ హ్యూబర్ ఆయన మీద డాక్యుమెంటరీ తీసింది. అందులో లించ్ ఎదురుగా కూర్చుని అడుగుతాడు, నిన్ను నువ్వు ఎలా వర్ణించుకుంటావని. ‘శూన్యం. నేను అనేదేమీ లేదు’ అంటాడు స్టాంటన్. జనం నిన్నెలా గుర్తుంచుకోవాలంటే, ‘దానితో పనిలేదు’ అంటాడు. వేదాంతం అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది వృత్తి రహస్యంలా వినిపిస్తుంది. ‘నేను’ను గుమ్మం బయట వదిలి రాగలిగినవాడికి వేరొకరి గతం ఒంటికి సరిపోతుంది.

చివరి పెద్ద పాత్ర ‘లక్కీ’, 2017. ఆయన దగ్గర ఏళ్ల తరబడి సహాయకుడిగా ఉన్న వ్యక్తి, మరొక మిత్రుడు కలిసి ఆయన కోసమే రాశారు. తొంభై ఏళ్ల ఒంటరి ముసలాయన, దేవుణ్ణి నమ్మడు, పొద్దున్నే నాలుగు ఆసనాలు వేసి సిగరెట్టు వెలిగిస్తాడు. లక్కీ యుద్ధంలో ఓడ మీద వంటవాడు. ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఇదే. ఒక హోటల్లో మరో మాజీ సైనికుడితో ఒకినావా సంగతులు మాట్లాడతాడు. ఆ సైనికుడు టామ్ స్కెరిట్, ‘ఏలియన్’లో ఆయన కెప్టెన్. మొత్తం సినిమాలో నాకు బాగా నచ్చింది పిల్లవాడి పుట్టినరోజు పార్టీ. మెక్సికన్ కుటుంబం, పెరట్లో బల్లలు. అందరూ తింటుండగా లక్కీ ఉన్నట్టుండి, ఏ వాద్యం లేకుండా, వోల్వేర్ వోల్వేర్ అని ఒక స్పానిష్ విరహ గీతం ఎత్తుకుంటాడు. గొంతు వణుకుతుంది, శ్రుతి అటూ ఇటూ పోతుంది, ఆపడు. వాద్యగాళ్లు మెల్లగా వచ్చి కలుస్తారు.

ఆ సినిమా అమెరికాలో విడుదలవడానికి రెండు వారాల ముందు, 2017 సెప్టెంబరు 15న, లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ చనిపోయాడు. 91 ఏళ్లు. నా మాట అయింది. ప్రశ్నలుంటే అడగండి.

సభికుడు: ఆయనకు ఆస్కార్ వచ్చిందా?

వక్త: లేదు. నామినేషన్ కూడా లేదు, ఒక్కసారి కూడా. దాని గురించి ఆయన బాధపడినట్టు నేనెక్కడా చదవలేదు. ఆయన అభిమానులు బాధపడ్డారు, నాతో సహా. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఆయన పేరుతో సినిమా ఉత్సవం 2011 నుంచి జరుపుతున్నారు, అంటే ఆయన బతికుండగానే మొదలైంది. అది నాకు ఆస్కార్ కంటే ముద్దొచ్చే విషయం.

సభికురాలు: టెక్సస్‌లో నిజంగా పారిస్ అనే ఊరుందా?

వక్త: ఉందండీ, ఈశాన్య టెక్సస్‌లో. సినిమా మాత్రం అక్కడికి వెళ్లదు. ట్రావిస్ జేబులో ఆ ఊళ్లో కొన్న ఖాళీ స్థలం ఫోటో ఉంటుంది, అంతవరకే. మీరు చూడబోయే ఎడారి దక్షిణాన మెక్సికో సరిహద్దు పక్కది. అసలు పారిస్‌కు దానికి చాలా దూరం.

సభికుడు: మా నాటక బృందంలో కుర్రవాళ్లకు ఆయన సినిమాల్లో ఏది ముందు చూపించమంటారు?

వక్త: ఇవాళ్టిది కాదు. ఇది చూస్తే మీ పిల్లలందరూ వారం రోజులు మాట్లాడటం మానేసి, అదే నటన అనుకుంటారు. ముందు ‘స్ట్రెయిట్ టైమ్’లో ఆ పెరటి ఘట్టం చూపించండి. ఆ ఒక్క మాట చెప్పే ముందు, భార్య పక్కన ఉన్నంతసేపు, ఆయన ఎంత సంతోషంగా కనిపిస్తున్నాడో చూడమనండి. ఆ సంతోషంలో ఎక్కడా అబద్ధం దొరకదు. దొరికిందా, ఆ తరవాతి మాట తేలిపోతుంది. దాన్ని వాళ్లచేత చేయించి చూడండి, కష్టమేమిటో అప్పుడు తెలుస్తుంది. ఆ తరవాత ‘ఏలియన్’లో ‘అంతే’ అనే మాట ఎన్ని రకాలుగా అన్నాడో లెక్కపెట్టమనండి.

ఇక చాలు. సినిమా దాదాపు రెండున్నర గంటలు, మధ్యలో విరామం లేదని నిర్వాహకులు చెప్పమన్నారు. బయట టీ పెట్టించారు, అయిదు నిమిషాల్లో తాగి వచ్చేయండి.